బొటనవేలి కింద గాలి

మొన్న వేమగల్‌లో మా ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎవరిదో పాత స్కూటరు స్టార్టు కాక మొరాయించింది. అతను కిక్కు మీద కిక్కు కొడుతుంటే పచ్చి పెట్రోలు వాసన గుప్పుమంది. షిఫ్టుకు ఆలస్యమవుతున్నా నా కాళ్లు ఆగిపోయాయి. ఆ వాసన ఎక్కడ తగిలినా నాకు ముందు గుర్తొచ్చేది వసంత టీచరు కుడి మణికట్టు, దాని మీద కాలిన మచ్చ. ఆ మచ్చ నా వల్ల పడింది.

వసంత టీచరు కేజీఎఫ్‌లో మాకు హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. పొట్టి మనిషి. చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడింది. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఎవరో ఒకరి బండి వెనక కూర్చునే బడికి వచ్చారు. రిటైరయ్యాక ఇంటి పక్కన రేకుల షెడ్డులో సొంతంగా కారు కట్టడం మొదలుపెట్టారు. ఇనప గొట్టాలతో చట్రం, పాత కారులోంచి తీసిన నాలుగు సిలిండర్ల ఇంజను, కాలితో తొక్కే క్లచ్‌కు బదులు చేత్తో లాగే లివరు. కొన్న కారుకే ఆ మార్పు చేయించుకోవచ్చు కదా అని అడిగితే, "చేయించుకుంటే అది ఇంగొకరు చేసిందే కదప్పా. నా బండిలో ప్రతి బోల్టూ నాకు తెలిసుండాల" అనేవారు. మొదటి ప్రయాణం గౌనిపల్లిలో వాళ్లన్న మామిడి తోటకు. అది ముందే నిశ్చయం.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. మెకానికల్ డిప్లొమా చేసి, ఏడాదిలో రెండు ఉద్యోగాలు మానేసి ఇంట్లో ఉన్నాను. ఏ పని మీదా నిలకడ లేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు వెళ్లాలో తోచేది కాదు. మా అమ్మ ఆ మాట టీచరు చెవిన ఎప్పుడు వేసిందో, ఆమె కబురు పంపారు.

"స్పానర్ పట్టేది వస్తాదా?" అన్నారు.

"వస్తాది టీచర్."

"సుమ్మనె, ఏమీ చేయకుండా నిలబడేది వస్తాదా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఐదు నెలలు పనిచేశాం. ఇంజను మొదటిసారి స్టార్టు చేయాలనుకున్న ఆదివారానికి ముందురోజు డిస్ట్రిబ్యూటరు ఒక్కటే మిగిలింది. ఏ సిలిండరుకు నిప్పు ఎప్పుడు అందాలో అదే చూసుకుంటుంది. "నేను బ్యాంకుకు పోయొస్తాను. వచ్చినాక ఇద్దరం చూసి పెడదాం" అని టీచరు వెళ్లారు. గంట గడిచింది. షెడ్డులో నాలుగడుగులు అటూ ఇటూ తిరిగి తిరిగి, ఇక ఆగలేక నేనే బిగించేశాను. ఆమె చీకటి పడ్డాక వచ్చారు, నేను ఆ మాట ఎత్తలేదు. ఆమే చూసి మెచ్చుకుంటారనుకున్నాను.

ఆదివారం పొద్దున బంగారు గనుల సయనైడ్ మట్టి దిబ్బల వైపు నుంచి గాలి లేచింది. దుమ్ము పడకుండా కార్బురేటరు మీద పాత చీర ముక్క కప్పి ఉంచాం. అది తీసి తాళం తిప్పాను. ఇంజను గిరగిరా తిరిగింది కానీ అంటుకోలేదు. కార్బురేటరు లోపల 'టప్' మని ఒక దగ్గు మాత్రం వినిపించింది.

"పెట్రోల్ అందలేదనుకుంటా టీచర్."

"అనుకునేది తర్వాత. చూసింది చెప్పు."

పైపు విప్పి చూశాను. పెట్రోలు వస్తోంది. ప్లగ్గు తీసి ఇంజనుకు ఆనించి పట్టుకుంటే నీలంగా నిప్పురవ్వ పడుతోంది. బ్యాటరీ బాగుంది. అన్నీ ఉన్నాయి, ఇంజను మాత్రం పలకదు. మధ్యాహ్నానికి నాకు అనుమానం మొదలైంది. నిన్న నేను బిగించిందే తప్పేమో. అది చెప్పకుండా ఉండటానికే కాబోలు, సీసాలోని పెట్రోలు కొంచెం కార్బురేటరు నోట్లో పోసి సీటు దగ్గరికి పరిగెత్తాను.

"వద్దు సుధా, ఉండు!" అంటూ టీచరు దాని మీద మూత పెట్టబోయారు. అప్పటికే నేను తాళం తిప్పేశాను.

కార్బురేటరులోంచి మంట పైకి ఎగిసింది. తడి గోనెసంచి కప్పి ఆమే ఆర్పారు. మణికట్టు ఎర్రగా పొంగింది. "నీకేం కాలేదు కదా?" అని మాత్రం అడిగారు.

మూడు రోజులు నేను అటు వెళ్లలేదు. ఆండర్సన్‌పేట దాకా నడవడం, వెనక్కి రావడం. అన్నం ముందు కూర్చుంటే ఆ చెయ్యే కనబడేది. నాలుగో రోజు పొద్దున్నే వెళ్లాను. టీచరు చేతికి కట్టుతో ఇంజను ముందు స్టూలు వేసుకుని ఉన్నారు. ఒక్క బోల్టు కూడా విప్పలేదు.

"టీచర్, డిస్ట్రిబ్యూటర్ మీరు లేనప్పుడు నేనే పెట్టేసినాను. సరిగా చూళ్లేదు."

"నేను పెట్టలేదని నాకు తెలీదా?" అన్నారు. కట్టు వైపు చూసుకుని, "అది తప్పుగా ఉండేది ఆదివారం పొద్దున్నే చూసినాను. నువ్వే చెప్తావని కాసుకోనుంటి. నీకు పాఠం చెప్పాలని. చూసింది చెప్పమని నిన్నడిగి, నేను చూసింది నేను చెప్పలేదు. ఈ కట్టులో సగం నాదే" అన్నారు.

నేను ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. ఒకటో సిలిండరు ప్లగ్గు తీసి ఆ రంధ్రం మీద బొటనవేలు పెట్టమన్నారు. ఎడమచేత్తో మెల్లగా ఇంజను తిప్పారు. పిస్టను రెండుసార్లు పైకొస్తుంది, ఒకసారి గాలిని నొక్కుతూ, ఇంకోసారి పొగను బయటికి తోస్తూ. నిప్పు పడాల్సింది గాలిని నొక్కినప్పుడు; పొగను తోసేటప్పుడు పడితే మంట వెనక్కి కార్బురేటరులోకి తంతుంది. ఇంజను ముందున్న కప్పీ చక్రం మీది గుర్తు మాత్రం రెండుసార్లూ ఒకే చోటికి వస్తుంది. నేను గుర్తును నమ్ముకున్నాను, వేలు పెట్టి చూడలేదు.

"ఇప్పుడు?"

"నొక్కుతా ఉండాది టీచర్! వేలు ఎగిరిపోయేట్టుండాది."

"అయితే అది యాడ చూస్తా ఉందో చూడు."

ఒకటో సిలిండరు వైపు ఉండాల్సిన డిస్ట్రిబ్యూటరు ముల్లు సరిగ్గా ఎదురు దిక్కుకు, నాలుగో సిలిండరు వైపు చూస్తోంది. దాన్ని అరచుట్టు తిప్పి బిగించాను. ఈసారి తాళం టీచరే తిప్పారు. ఇంజను ఒకసారి తడబడి అందుకుంది. షెడ్డు రేకులు అదిరాయి. ఆమె కళ్లు మూసుకుని విని, ఆపేసి, "ఇంగోసారి" అన్నారు. అలా మూడుసార్లు.

మామిడి కోతలకు గౌనిపల్లి వెళ్లాం. నేను పక్క సీట్లో. దారిలో రెండుసార్లు ఆగిపోయినా టీచరు ఎవరినీ తోయనివ్వలేదు. తర్వాత ఏడేళ్లు ఆ కారు నడిపి, ఆమె పోయారు.

నా తొందర ఇప్పటికీ పోలేదు. కానీ తప్పు చేస్తే ఆ షిఫ్టు దాటకముందే చెప్పేస్తాను. పోయిన వారం కొత్తగా చేరిన ఆపరేటరు ఒకామె మెషిన్లో పార్టు తలకిందులుగా పెట్టింది. తనకై తాను చూసుకుంటుందేమో, చూసుకుంటే మరిచిపోదు అని ఒక్క క్షణం అనిపించింది. అంతలోనే నా చెయ్యి స్టాప్ బటన్ మీద పడింది.

"ఆపమ్మా," అన్నాను, "తలకిందులుగా ఉండాది చూడు."