నలభై ఒకటో నంబరు బిళ్ళ

సగటు తీసింది నేనే. ఆ మాట ముందే చెప్పేస్తాను, తరవాత ఎవరూ నన్ను పొగడక్కర్లేదు. టాటానగర్ బర్మామైన్స్‌లో అప్పలసూరి పేరెత్తితే ఇప్పటికీ "పిచ్చి లెక్కల సూరి" అని నవ్వుతారు. నవ్వేవాళ్ళ నోళ్ళు పడిపోను! ఆ లెక్కలు పిచ్చివి కావు. వాటిని తగలేసింది రైల్వే గూడ్సు ఆఫీసు గుమాస్తా నీలకంఠం, అంటే నేను.

సూరిది శ్రీకాకుళం జిల్లా, టెక్కలి పక్క పల్లె. ఏడో తరగతితో చదువు ఆపేసి, చెల్లెలు సింహాచలమ్మనీ ఆమె మొగుడు అసిరయ్యనీ వెంటబెట్టుకుని టాటానగర్‌లో రైలు దిగాడు. కొలిమి ఇటుకలు తయారుచేసే ఒక కార్ఖానాలో అసిరయ్యకి కాంట్రాక్టు పని దొరికింది. తెల్లరాయిని పిండి కొట్టే మర దగ్గర. సూరిని అదే కార్ఖానా లేబరేటరీలో పెట్టుకున్నారు. పిండి శాంపిళ్ళు మోసుకురావాలి, గాజు గొట్టాలు కడగాలి. అంతే ఉద్యోగం.

అక్కడి కెమిస్టు ఘోషాల్ బాబు ముసలివాడు, మాటలంటే ఇష్టం. గొట్టాలు కడుగుతున్న సూరికి పాఠం చెప్పేవాడు. ఒక్కటే మార్చు, మిగతావి కదపకు. పోల్చి చూడ్డానికి ఒక జట్టును అలాగే వదిలెయ్. ఒక్కసారి చూసి నమ్మకు. "జో దేఖా, వహీ లిఖో." చూసిందే రాయి, కావాలనుకున్నది రాయకు. సూరి ఆ సాయంత్రమే మా ఇంటికి పరిగెత్తుకొచ్చాడు.

"ఏటి బాబూ, ఇంత సులువైన సంగతి మాకు బళ్ళో ఎవుడూ సెప్పనేదేటి?"

ఆ మర దగ్గర నాలుగేళ్ళు చేసినవాడికి దగ్గు పట్టుకునేది. దగ్గు ముదిరితే మెట్టెక్కడానికి కూడా ఆగి ఆగి ఎక్కేవాడు. మర మీద నీళ్ళ జల్లు పెడితే దుమ్ము లేవదు, పెద్ద ఖర్చూ కాదు. సూరి వెళ్ళి అడిగితే మేనేజరు "సబూత్ క్యా హై?" అన్నాడట. రుజువేదీ అని. "రుజువే గావాలా, ఇత్తాను" అని వచ్చేశాడు మనవాడు.

అది డెబ్భై అయిదో సంవత్సరం. మర దగ్గర ఇరవై నలుగురు పనిచేసేవారు, అందరూ మా వైపు వాళ్ళే. చెడుగుడు ఆడకుండా పెరిగినవాడు వాళ్ళలో ఒక్కడూ లేడు. ఊపిరి కొలవడానికి సూరికి అదే తట్టింది. వీధి కుళాయి పక్క గోడకి మేకు కొట్టి, మూరెడు తాడు కట్టి, దాని చివర ఇనప బోల్టు వేలాడదీశాడు. బోల్టు ఒక ఊపు ఊగితే ఒక అంకె చెప్పాలి. తొందరపడి ముందుకు పోకూడదు. మధ్యలో ఊపిరి తియ్యకుండా ఎన్ని అంకెలు లాగితే అది అతని లెక్క. ప్రతి ఆదివారం పొద్దున్న కుళాయి దగ్గర ఇదే తంతు. నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళు బిందెలు పక్కన పెట్టి మరీ చూసేవారు. గట్టి మనిషి యాభై దాకా లాగేవాడు.

పన్నెండుమంది మూతికి తడిగుడ్డ కట్టుకుని పనిచెయ్యాలి, పన్నెండుమంది కట్టకూడదు. ఎవరు ఎటో చీట్లు తీశారు. అసిరయ్యకి గుడ్డ లేని చీటీ వచ్చింది. సింహాచలమ్మ అందరి ముందూ అన్నగారి మీద పడింది.

"అన్నా, ఆ సీటీ మార్సీయ్. నీ బావ కాడేటి?"

"మారిత్తే లెక్క సెడిపోద్దే అమ్మా."

"ఊరుకోయే, మాటంటే మాటే. నాను గుడ్డ కట్టను" అని నవ్వాడు అసిరయ్య. అప్పటికి దుక్కలా ఉండేవాడు. ఆ ఆదివారం యాభై ఒకటి లాగాడు.

ఏటా చివర్లో సూరి పుస్తకం పట్టుకుని నా దగ్గరికొచ్చేవాడు. నేను అంకెలన్నీ కూడి, ఇరవై నాలుగుతో భాగించి, సగటు రాసిచ్చేవాణ్ణి; పక్కనే ఒక్కో జట్టుకీ విడిగా. కింద ఎర్ర సిరాతో గీత కూడా కొట్టేవాణ్ణి. ఎంత గర్వమో నాకు!

ఇక బిళ్ళల సంగతి చెప్పాలి. కాంట్రాక్టు పనిలో గేటు దగ్గర మొహం ఎవడూ చూడడు, నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ చూస్తాడు. మా వాళ్ళలో ఒకడు మంచాన పడితే ఊరికి వెళ్ళిపోతాడు. అతని తమ్ముడో బావమరిదో రైలెక్కి వచ్చి, అదే బిళ్ళతో, అదే పేరుతో లోపలికి పోతాడు. ఈ సంగతి బయట ఎవరితోనూ అనరు. తెలిస్తే బిళ్ళ లాక్కుంటారు, ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. సూరి పుస్తకం కూడా బిళ్ళ నంబర్ల మీదే నడిచింది.

నలభై ఒకటో నంబరు అసిరయ్యది. యాభై ఒకటి కాస్తా నలభై మూడయింది, ముప్ఫై నాలుగయింది, ఇరవై ఆరయింది. తడిగుడ్డ కట్టుకోరా అని నేను కూడా చెప్పాను. సూరి కాళ్ళావేళ్ళా పడ్డాడు. వినలేదు. డెబ్భై తొమ్మిది వేసవిలో పంతొమ్మిది దగ్గర ఆగి, గోడ పట్టుకుని కూర్చుండిపోయాడు. భార్యాభర్తలిద్దరూ ఊరికి వెళ్ళిపోయారు. దసరా వెళ్ళాక అతని తమ్ముడు ఆదిబాబు ఆ బిళ్ళ పట్టుకుని వచ్చాడు. కుళాయి దగ్గర యాభై మూడు లాగాడు. సూరి నలభై ఒకటికి ఎదురుగా యాభై మూడు వేశాడు.

"మనిషి మారాడు కదరా" అన్నాను.

"అన్నైతే ఏటి, తమ్ముడైతే ఏటి బాబూ? ఆ ఇంటి బిళ్ళే గదా. పేర్లు రాత్తే రేపెవుడి సేతిలోనైనా పడితే?"

అంకెలన్నీ కూడాను, భాగించాను, ఎర్ర గీత కొట్టాను.

ఆ మరుసటేడు చలికాలంలో ఊరి నుంచి కార్డు ముక్క వచ్చింది. అసిరయ్య పోయాడు.

ఎనభై ఒకటిలో మర దుమ్ము సంగతి విచారించడానికని పైనుంచి ఒక డాక్టరు వచ్చాడు. ఆయన రాస్తే నీళ్ళ జల్లు వస్తుంది, రాయకపోతే రాదు. సూరి చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. అవసరమైతే ఇంగ్లీషులో చెప్పడానికి నన్నూ తీసుకెళ్ళాడు. గదిలో డాక్టరు, మేనేజరు, గేటు దగ్గర బిళ్ళలు చూసే గుమాస్తా. గుమ్మం బయట మర కూలీలందరూ నిలబడ్డారు, ఆదిబాబు ముందు వరుసలో.

డాక్టరు మంచివాడే. సూరిని కుర్చీలో కూర్చోబెట్టాడు. బోల్టు సంగతి విని ముచ్చటపడ్డాడు. తరవాత నా పట్టిక విప్పాడు. మొదటి ఏడు సగటు నలభై ఏడు, ఆరో ఏడు నలభై ఆరు.

"ఆరేళ్ళలో తగ్గింది ఒక్క అంకె. పైగా గుడ్డ కట్టనివాళ్ళదే రెండు ఎక్కువుందే!" అన్నాడు హిందీలో. మేనేజరు కిసుక్కున నవ్వాడు.

అప్పుడు అర్థమైంది నాకు. గుడ్డ కట్టని జట్టులో తొమ్మిది బిళ్ళలకి మనుషులు మారారు, కట్టిన జట్టులో నాలుగింటికి. జబ్బుపడ్డవాడు ఊరికి పోతున్నాడు, కొత్తవాడి ఊపిరి వచ్చి ఆ గడిలో చేరుతోంది. ఎక్కువమంది పాడైపోయిన జట్టే ఎక్కువ ఆరోగ్యంగా కనబడుతోంది. ఆరేళ్ళ జబ్బునంతా చక్కగా కూడి, భాగించి, నా చేతులతో మాయం చేశాను. దౌర్భాగ్యుణ్ణి!

డాక్టరు అసలు పుస్తకం కూడా తిరగేశాడు. ఒకచోట వేలు ఆగింది.

"ఈ నలభై ఒకటో నంబరు చూడు. పంతొమ్మిది నుంచి ఒక్కసారిగా యాభై మూడా? ఎలా?"

అదే అడగాల్సిన ప్రశ్న. అడిగాడు మహానుభావుడు. సూరి నోరు తెరిచాడు. తలతిప్పి గుమ్మం వైపు చూశాడు. ఆదిబాబు గుప్పిట్లో బిళ్ళ బిగించుకుని, కనబడీ కనబడకుండా తల అడ్డంగా ఊపాడు. వాడి వెనక ఇంకో పన్నెండుమంది. ఇటు బిళ్ళల గుమాస్తా పెన్సిలు పట్టుకుని కూర్చున్నాడు. నేనైనా చెప్పొచ్చు. నాకు నోరుంది, ఇంగ్లీషుంది. చెప్పలేదు.

"ఠీక్ హో గయా, సాబ్" అన్నాడు సూరి. నయమైపోయిందని.

ఆరేళ్ళపాటు చూసిందే రాసిన మనిషి నోటి నుంచి వచ్చిన ఒక్క అబద్ధం అది. డాక్టరు తలూపి, దుమ్ము వల్ల హాని కనబడలేదని రాసుకున్నాడు. బయటికి రాగానే ఆదిబాబు సూరి చేతులు పట్టుకుని "బచ్ గయే బావా, బచ్ గయే" అన్నాడు, గండం గడిచిందని. సూరి చేతులు విడిపించుకోలేదు, వాడి మొహం చూడలేదు.

ఆ తరవాత ఆదివారాలు ఆగిపోయాయి. నెలాఖరుకి సింహాచలమ్మ ఊరి నుంచి వచ్చింది. ఎవరు చెప్పారో, కబురు అక్కడిదాకా పోయింది. కుళాయి గట్టు మీద సూరి, నేను కూర్చుని ఉన్నాం. ఆమె మూట కింద పెట్టకుండానే అడిగింది.

"అన్నా, దుమ్ము వల్ల ఏటీ అవ్వనేదని రాసినారంట. మరి మా ఆయన దేనికి సచ్చిపోనాడు?"

సూరి లేచి మూట అందుకోబోయాడు, ఆమె ఇవ్వలేదు.

"నీ పుత్తకంలో ఆయన ఆకరి అంకె ఎంత?"

"పంతొమ్మిదమ్మా."

గోడకి బోల్టు ఇంకా వేలాడుతూనే ఉంది. సింహాచలమ్మ మూట దించి, వేలితో దాన్ని తోసింది. ఒకటి, రెండు, మూడు అని మొదలుపెట్టింది. ఊపు తప్పలేదు, తొందరపడలేదు. పంతొమ్మిది దగ్గర ఆగి, ఇంకా ఊపిరి తియ్యకుండానే అన్నగారి వైపు తిరిగి అడిగింది.

"ఇంతేనా అన్నా?"