శారీ గార్డు బరువు

దివాకర్ బండి వెనక కూర్చుని కోరుట్ల నుంచి జగిత్యాల పోవడమంటే ఓపికకు పరీక్షే. నేను దర్జీని. దారాలకూ గుండీలకూ జగిత్యాల పోక తప్పదు. పక్కింటివాడు, ఎక్కు భూమన్నా అంటాడు, కాదనలేను. బండి నలభై ఐదు దాటదు. గడ్డిమోపు వేసుకున్న ముసలాయన మోపెడ్ మీద మమ్మల్ని దాటేసి, వెనక్కి తిరిగి జాలిగా చూస్తాడు. ముందెక్కడో బర్రెలు కనిపిస్తే ఇక్కడే యాక్సిలరేటర్ వదిలేస్తాడు. బ్రేకు కొట్టామంటే అప్పటిదాకా కాల్చిన పెట్రోలంతా దండగేనట. రైలు గేటు పడితే ఇంజను బంద్. పక్కవాడు బండి ఆపకుంటే వాడికి ఉపన్యాసం. నాకు ఒళ్లు మండేది. అతను చెప్పేది నిజమైనందుకు ఇంకా మండేది. మా వాడలో అందరికన్నా తక్కువసార్లు బంకుకు పోయేది అతనే.

ఈ విద్య షార్జాలో అబ్బింది. అక్కడ కంపెనీ వ్యాను నడిపేవాడు. డ్రైవర్లను కూర్చోబెట్టి పాఠం చెప్పారట: టైర్లలో గాలి చూసుకోవాలి, గేరు వేళకు మార్చాలి, ఊరికే ఇంజను నడపొద్దు, అక్కర్లేని బరువు మోయొద్దు. మిగతావాళ్లు కునుకు తీశారు, ఇతను నేర్చుకున్నాడు. డీజిల్ పొదుపు చేసినందుకు గడియారం బహుమానమిచ్చారు. దాన్ని స్నానానికి తప్ప తీయడు.

ఆ షార్జా నుంచే భార్య రజనికి రోజూ ఫోను చేసేవాడు. "నేనచ్చినంక బండి కొంట. ధర్మపురి గోదారికాడికి, ఎల్లంతకుంటల మీ అవ్వకాడికి, యాడికైనా నా ఎన్కాల కూసోని పోవుడే" అనేవాడు. ఆమె ఆ మాట చెప్పని ఇల్లు మా వాడలో లేదు. పెళ్లయిన ఏడాదే మొగుడు విమానం ఎక్కితే, పాపం, ఆ వెనక సీటు మీదే ఆశ పెట్టుకుని బతికింది. ఆ రోజు కోసమని నా దగ్గర ఎర్ర జాకెట్టు కుట్టించుకుని పెట్టెలో దాచింది. అతను తిరిగొచ్చేసరికి దాన్ని రెండుసార్లు వదులు చేయాల్సొచ్చింది.

వచ్చాడు, బండి కొన్నాడు. కొత్తలో ఒకటి రెండుసార్లు ఆమెను ఎక్కించుకుని ఊళ్లో తిప్పాడు కూడా. ఒక సాయంత్రం మా అరుగు మీద కూర్చుని, ఇద్దరం ఎక్కితే లీటరుకు ఐదు కిలోమీటర్లు తగ్గుతున్నది భూమన్నా అన్నాడు. కడుపులో ఏమీ పెట్టుకుని అనలేదు. వాన పడేటట్టుంది అన్నట్టే అన్నాడు. రజని అప్పుడు మాట వినబడేంత దగ్గర్లోనే, వాళ్ల వాకిట్లో బట్టలు తీస్తోంది.

అంతటితో ఆగినా బాగుండేది. పాఠం చివరి ముక్క గుర్తొచ్చిందో ఏమో, అక్కర్లేని బరువు కోసం బండంతా వెతికాడు. వెనక చక్రం పక్కన, చీర కొంగు చువ్వల్లో పడకుండా ఉండే ఇనుప జాలి కనిపించింది. షోరూంలో దాన్ని శారీ గార్డు అంటారు. విప్పి మంచం కింద తోశాడు. ఇంత తెలివి దేవుడు ఒక్కడికే ఎందుకిస్తాడో!

మరునాడే ధర్మపురి ప్రయాణం. రజని ఎర్ర జాకెట్టు తొడుక్కుని బయటికొచ్చి చక్రం వైపు చూసింది. జాలి ఏదని అడిగింది. బరువని తీసిన, కొంగు జరంత దగ్గరికి పట్టుకొని కూసో అన్నాడు ఈ మహానుభావుడు.

"బరువు జాలి గాదు, నేను" అంది ఆమె. గొంతు పెంచలేదు. లోపలికి పోయి ఆధార్ కార్డు తెచ్చుకుని నేరుగా బస్టాండుకు నడిచింది.

ఇక చూడండి పొదుపు! ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు బస్సులో పైసా తీసుకోని జీరో టికెట్ కదా. రజని ధర్మపురి పోయింది, జగిత్యాల పోయింది, సిరిసిల్ల మీదుగా ఎల్లంతకుంటలో తల్లి దగ్గరికి నెలకు రెండుసార్లు పోయింది. చుక్క పెట్రోలు కాలలేదు. షార్జా కంపెనీవాళ్లు చూస్తే గడియారం ఆమెకు ఇచ్చేవాళ్లు. దివాకర్ బండి మైలేజీ కూడా పెరిగింది. మొదట్లో అందరికీ చెప్పుకుని మురిశాడు.

తర్వాత ఆ మురిపెం తగ్గింది. ఒక మధ్యాహ్నం నేను పోయేసరికి ఒంటరిగా అన్నం తింటున్నాడు. జగిత్యాల పోయిన రజని ఫోను చేసి, కూర గిన్నెల ఉన్నది, వెట్టుకొని తిను అంటోంది. ఫోను పెట్టేసి కూర గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

"షార్జల గూడ గిట్లనే తింటుంటి, భూమన్నా" అన్నాడు. అంతకుముందు అతని మీద ఉన్న కోపమంతా నాకు అక్కడే పోయింది.

తెల్లారి మంచం కింది జాలి బయటికొచ్చింది. ఒక బోల్టు దొరకలేదు, తీగతో బిగించాడు. అప్పటికే రజని బస్టాండుకు పోయింది. ఎక్కు భూమన్నా, ఒక్కనికి ధైర్యమైతలేదు అన్నాడు. మెడలో టేపుతోనే ఎక్కాను. మేము పోయేసరికి సిరిసిల్ల బస్సు కదులుతోంది. కిటికీలో ఎర్ర జాకెట్టు. దిగు, బండి మీద పోదాం అని అరిచాడు. టికెట్ కొట్టిచ్చిన అంది. జీరో టికెటే గద అన్నాడు. ఏదైనా దుబారా చెయ్యొద్దని నువ్వే చెప్పినవ్ గద అంది. బస్సు పోయింది.

అప్పుడు చూశాను నేను దివాకర్ తోలడం. గేర్లు విరిగిపోతాయేమో అనిపించింది. బర్రెల దాకా పోయి బ్రేకు కొట్టాడు, మళ్లీ గుంజాడు. నేను ఆ జాలిని పట్టుకుని దేవుళ్లందరికీ మొక్కాను. కథలాపూర్‌లో బస్సు ఆగేసరికి పక్కన నిలబెట్టాడు.

రజని కిటికీలోంచి నన్ను చూసింది, తీగ కట్టిన జాలిని చూసింది. భూమన్నను గింత దూరం మోసినవా, మైలేజి పాయె గదా అంది. బండి వైపు చెవి పెట్టి విన్నది.

"ఇంజను బంద్ చెయ్యలే?"

"నువ్వు ఎక్కేదాక చెయ్య."

కండక్టర్ రైట్ అనబోతుంటే ఆగమంది. జీరో టికెట్ మడిచి జాకెట్లో పెట్టుకుని దిగింది. నేను బండి దిగి జాగా ఇచ్చాను. కొంగు చుట్టూ తిప్పుకుని కూర్చుని, అతని భుజం మీద చెయ్యి వేసింది. ఎల్లంతకుంట దారి పట్టారు, మళ్లీ అదే నలభై ఐదులో. చాలాసేపు కనిపిస్తూనే ఉన్నారు. నేను కోరుట్ల బస్సెక్కి టికెట్‌కు డబ్బులిచ్చాను.