అండాలమ్మ వెనక దండు

అండాలమ్మ దండెత్తి వచ్చిందని దిల్‌సుఖ్‌నగర్ బట్టల దుకాణాలవాళ్లు అన్నారు. అదంతా ముందే పన్నిన బేరపు ఎత్తని ఎల్బీ నగర్‌లో ఆమె గల్లీవాళ్లు తేల్చారు. చీర కోసం ధర్నా చేసిందన్నవారూ ఉన్నారు. ఏదీ నిజం కాదు. దండు అంటే సేన. మిడతలకు ఆ మాట వాడినా, వాటన్నిటికీ పచ్చని చేనే గమ్యం. ముందు నడిచేవారూ వెనక నడిచేవారూ ఒకే పని మీద పోతేనే అది దండు.

ఆమె తమ్ముడు సైదులు కూతురు సంతోషికి పెండ్లి కుదిరింది. పెండ్లిబట్టలకు వియ్యాలవారితో సహా చుట్టాలందరినీ పిలవాలి. ఒక్కరిని మరిచినా ఆ అలక బారసాల దాకా తీరదు. నల్గొండ పల్లె నుంచి బస్సు దిగినవారంతా పెద్దామె అండాలమ్మ ఇంట్లో చాయ్ తాగి, ఆమె వెంట మెట్రో ఎక్కారు. దుకాణంలో మళ్లీ చాయ్ ఇచ్చారు. కాదంటే బాగుండదని అండాలమ్మ అదీ తాగింది. అనర్థం అక్కడ మొదలైంది.

సంతోషి మనసు అద్దాల వెనక బొమ్మకు కట్టిన చిలకపచ్చ పట్టుచీర మీద పడింది.

"అదొక్కటే ఉందమ్మా. పండగ దాకా తీయమండి," అన్నాడు యజమాని చక్రపాణి.

"పెండ్లి బొమ్మకా, మా పిల్లకా?" అంది అండాలమ్మ.

"వేరే రంగు చూడండమ్మా."

సంతోషి కళ్లలో నీళ్లు తిరిగాయి. "అత్తమ్మా, నాకు గదే కావాలె."

అండాలమ్మ ఇంకా వాదించేదే. కానీ రెండు చాయ్‌లు ఆమెను నిలువనివ్వడం లేదు. దారిలో చూసిన మరుగుదొడ్ల బోర్డు గుర్తొచ్చింది. మగవాళ్ల ముందు చెప్పలేక మెల్లగా లేచింది.

"వదినె లేచిందంటే ఒద్దన్నట్టే. లేవుండ్రి!" అంది సైదులు భార్య యాదలక్ష్మి.

క్షణంలో పరుపులన్నీ ఖాళీ. ఎవరి చెప్పులు ఎవరివో చూసుకునే తీరిక లేకపోయింది.

"మీరెందుకొస్తుండ్రు?" అంది అండాలమ్మ రోడ్డు మీద.

"నువ్వెటో మేమటే అక్కా," అన్నాడు సైదులు గంభీరంగా.

ఆమె వేగం పెంచింది, వాళ్లూ పెంచారు. బోర్డు ఎదురుగానే కనిపించింది. ఇంతమంది వియ్యాలవారి ముందు లోపలికి ఎలా పోవడం? దాటిపోయి సందు తిరిగింది. ఏదో ఆఫర్ ఉందనుకుని కోచింగ్ సెంటర్ల పిల్లలు కూడా వెంటపడ్డారు. వీధి చుట్టి వచ్చేసరికి ఎదురుగా మళ్లీ అదే దుకాణం.

వెళ్లినవాళ్లు రెట్టింపై తిరిగి వస్తుంటే చక్రపాణి గుండె జారింది. బొమ్మ మీది చీర తానే విప్పి గుమ్మంలోకి తెచ్చాడు.

"గొడవొద్దమ్మా, ఇదుగోండి!"

అండాలమ్మ చీరను సంతోషి చేతుల్లో పెట్టి, అతని చెవి దగ్గరకు వంగింది.

"మంచిగుండు బిడ్డా. జర బాత్రూం యాడుందో చెప్పు."

సాక్ష్యం ఇంతే. అండాలమ్మ ఎవరి మీదికీ దండెత్తలేదు, బేరమాడలేదు, ధర్నా చేయలేదు. ఆమె బాత్రూం వెతుక్కుంటూ వీధి చుట్టి వచ్చింది.