చూసి పాస్ చెయ్యవలసిన మనిషి

కరోనా రెండో విడత సద్దుమణిగిన మరుసటి ఏడాది జూన్‌లో, గుడివాడ ప్రాంతీయ కార్యాలయంలో ఇన్‌స్పెక్షన్ అధికారిగా ఉన్న నన్ను మూడు నెలల డిప్యుటేషన్ మీద బందరు ప్రధాన కార్యాలయానికి పంపారు. మాది కృష్ణా డెల్టాలో మాత్రమే శాఖలున్న ఒక చిన్న సహకార బ్యాంకు. పేరు ఇక్కడ అనవసరం. ఉత్తర్వులో నా పని ఒక్క వాక్యంలో ఉంది: సెప్టెంబరులో జరగబోయే భద్రతా ఆడిట్‌కు అన్ని శాఖల ఆర్థిక నియంత్రణలను సిద్ధం చేయడం.

భద్రతా ఆడిట్ అనగానే చాలామంది తుపాకీ పట్టుకున్న కాపలాదారుని ఊహించుకుంటారు. ఇది అది కాదు. బయటి నుంచి నిపుణులు వచ్చి, మా కంప్యూటర్లలోకి ఎవరు ప్రవేశించగలరు, ఎవరి అధికారం ఎంతవరకు, మానేసిన ఉద్యోగి ఐడీ ఇంకా పనిచేస్తోందా, ఒకరి పాస్‌వర్డ్ ఇంకొకరు వాడుతున్నారా అని చూస్తారు. ఇందులో అన్నిటికంటే ముఖ్యమైనది మేకర్–చెకర్ నియమం. ఒక ఉద్యోగి ఎంట్రీ వేస్తే రెండో ఉద్యోగి దాన్ని వోచరుతో సరిపోల్చి పాస్ చెయ్యాలి. మొదటివారు మేకర్, రెండోవారు చెకర్. ఇద్దరూ వేర్వేరు మనుషులై ఉండాలి. బ్యాంకు భద్రత చాలావరకు ఈ ఒక్క మాట మీదే నిలబడుతుంది.

ఆ ఆడిట్‌లో నెగ్గితేనే మాకు మొబైల్ ద్వారా సొమ్ము పంపే సదుపాయానికి అనుమతి వస్తుంది. అది రాకపోతే ఖాతాదారులు పెద్ద బ్యాంకులకు వెళ్ళిపోతారని, దివిసీమలో చిన్న శాఖలు మూసేస్తారని మాట నడుస్తోంది. అందుకే ఆ మూడు నెలలూ అందరూ నాకు అడిగిన కాగితమల్లా ఇచ్చారు. మాట్లాడటానికి మాత్రం ఎవరూ రాలేదు.

ఇన్‌స్పెక్షన్ ఉద్యోగంలో ఇది మామూలే. మేము గదిలోకి వెళ్తే అప్పటిదాకా సాగుతున్న మాట ఆగిపోతుంది. మా పక్కన కూర్చుని అన్నం తింటే ఏదో ఒకటి నోరు జారతామని వాళ్ళ భయం. నాకు పాత రికార్డులుండే గదిలో బల్ల వేశారు. పరాసుపేటలో ఒక మేడ మీద గది అద్దెకు తీసుకున్నాను. నేను పెళ్ళి చేసుకోలేదు, అందుచేత గుడివాడలో తాళం వేసి వచ్చిన ఇంట్లో కూడా నాకోసం ఎదురుచూసేవాళ్ళు లేరు. ఆదివారం చర్చిలో పక్కనున్నవాళ్ళు వందనాలంటే తిరిగి వందనాలనడం, వారం మొత్తానికి పనికి సంబంధం లేకుండా నేను మాట్లాడే మాట అదే అయ్యేది.

ఒకరిని మినహాయించాలి. వెంకటరత్నం గారు. ముప్ఫై మూడేళ్ళ కిందట మేమిద్దరం ఒకే రోజున పామర్రు శాఖలో క్లర్కులుగా చేరాం. ఆయనది పెడన. వాళ్ళ నాన్నగారు కలంకారీ బట్టల మీద అచ్చులు అద్దే పనిచేసేవారు. నాది గూడూరు పక్కన పల్లెటూరు. మొదటి జీతం నాటి నుంచి ఆయన నన్ను చెల్లెమ్మా అనేవారు, నేను అన్నయ్య గారూ అనేదాన్ని. నేను ఇన్‌స్పెక్షన్‌కు మారాక కూడా నాతో మాట్లాడటం మానని మనిషి ఆయనొక్కరే. అప్పటికి దివిసీమలో, అవనిగడ్డ దాటాక వచ్చే ఒక ఊళ్ళో శాఖ మేనేజరుగా ఉన్నారు. వారంలో రెండు మూడు రోజులు సరిగ్గా భోజనాల వేళకు ఫోన్ చేసేవారు. "ఏం కూరమ్మా ఇవాళ?" అనడంతో మొదలయ్యేది. నేను డబ్బా మూత తీసి చెప్పేదాన్ని. ఆ గదిలో పాత లెడ్జర్ల మధ్య నేను నవ్విన సందర్భాలు అవే.

జూలైలో అన్ని శాఖల లాగ్‌లు తెప్పించాను. లాగ్ అంటే కంప్యూటర్ తనంతట తాను రాసుకునే దినచర్య. ఏ ఐడీతో, ఏ క్షణాన, ఏం చేశారో అందులో ఉంటుంది. కంప్యూటర్ విభాగం వాళ్ళు ఇచ్చిన నమూనాలో మేకర్ ఐడీ, చెకర్ ఐడీ, సమయం అని మూడు కాలమ్‌లున్నాయి. ఆడిటర్లు అడిగినవీ అవే. నేను నాలుగోది కలపమన్నాను: ఆ పని ఏ కంప్యూటర్ నుంచి జరిగింది అనేది. అది నన్నెవరూ అడగలేదు. అలవాటు కొద్దీ కలపమన్నాను.

రత్నం గారి శాఖ కాగితాలు చూశాను. మూడు కాలమ్‌ల వరకు లోపం లేదు. నాలుగో కాలమ్‌లో, కిందటి సంవత్సరం ఆగస్టు నుంచి, మేకర్ పనీ చెకర్ పనీ ఒకే కంప్యూటర్ నుంచి జరుగుతున్నాయి. అది కౌంటర్ దగ్గర క్యాషియర్ కాంతమ్మ కూర్చునే కంప్యూటర్. మేనేజర్ గదిలోది పొద్దున తెరుచుకుని సాయంత్రం మూసుకుంటోంది, అంతే. అంటే ఆయన పాస్‌వర్డ్ కాంతమ్మ వాడుతోంది. ఎంట్రీ ఆమే వేస్తోంది, ఆమే పాస్ చేస్తోంది.

ఫోన్‌లో అడగాలనిపించలేదు. మర్నాడు ఉదయం బస్సెక్కాను. చల్లపల్లి, మోపిదేవి దాటి పులిగడ్డ వచ్చేసరికి కాలవల నిండా నీళ్ళు, నారుమళ్ళు పచ్చగా ఉన్నాయి. అవనిగడ్డలో దిగి ఆటోలో వెళ్ళాను. శాఖలో ఉన్నది ముగ్గురే: మేనేజరు, కాంతమ్మ, అటెండరు. నేను ఆయన గదిలోకి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. ఆయన నా వైపే చూస్తూ, "చెప్పండి, ఏం కావాలి?" అన్నారు. నేను అన్నయ్య గారూ అన్నాకనే ఆయన ముఖం మారింది.

"చెల్లెమ్మా! చెప్పకుండా వచ్చావే?"

లాగ్ కాగితం తీసి చేతికిచ్చాను. "ఇది ఒకసారి చూసి చెప్పండి."

ఆయన కళ్ళజోడు సర్దుకుని, ఒక పేజీ చదవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు పట్టుకున్నారు. "బాగానే ఉంది కదమ్మా, అన్నీ సరిపోయాయి" అంటూ తిరిగిచ్చారు. ఆ పేజీలో ప్రతి వరుస కిందా నేను ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన 'సరికాదు' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

నేను తలుపు దగ్గరగా వేసి కూర్చున్నాను. ఆయనకు అర్థమైంది.

"ఎప్పట్నుంచి?" అని అడిగాను.

"ఎడమ కన్ను మూడేళ్ళయింది. కుడిది కిందటి వేసవిలో పట్టుకుంది. నీటికాసులు, అదే గ్లకోమా అన్నారు. విజయవాడలో చూపించుకున్నాను. పోయిన చూపు రాదు, ఉన్నది నిలబెడదాం అన్నారు. ఉన్నదీ నిలబడలేదు."

"మరి నవంబరులో నేను ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినప్పుడు?"

"నీ మాట ఎటునుంచి వస్తే అటు తిరిగి కూర్చున్నాను" అన్నారు.

ఆ నవంబరులో నేను ఆ గదిలో రెండు రోజులు కూర్చున్నాను. ఆయనతో కలిసి భోంచేశాను. చెక్‌లిస్టులో ఉన్న ప్రశ్నలన్నీ అడిగి, జవాబులు రాసుకుని, శాఖ పనితీరు సంతృప్తికరం అని సంతకం పెట్టి వెళ్ళాను.

కాంతమ్మ తలుపు తోసుకుని లోపలికొచ్చింది. ముప్ఫై అయిదేళ్ళు ఉంటాయేమో. "సార్‌ని ఏమీ అనకండి మేడమ్. ప్రతి వోచరూ పైకి చదివి వినిపిస్తానండి. సార్ సరేనంటేనే నొక్కుతానండి. ఒక్కోసారి వద్దంటారండి, ఇంటిపేరు తేడాగా ఉంది, మళ్ళీ చూడమంటారు. నా అంతట నేను ఒక్కటి కూడా పాస్ చెయ్యలేదండి."

రత్నం గారు అందుకున్నారు. "ఇద్దరం చూస్తున్నట్టే కదమ్మా. ఆవిడ కళ్ళతో చూస్తుంది, నేను చెవులతో చూస్తాను. ఏడాదిగా ఒక్క తప్పు రాలేదు."

"ఆవిడ చదివిందే ఆ కాగితం మీద రాసి ఉందని మీకెలా తెలుస్తుంది అన్నయ్యా?"

"కాంతమ్మ కాబట్టి" అన్నారు.

నియంత్రణ అనే మాటకు అర్థం చెప్పమంటే నేను ఈ సంభాషణే చెబుతాను. కాంతమ్మ మంచిదో కాదో అక్కడ ప్రశ్న కాదు. ఆమె స్థానంలో రేపు ఇంకొకరు వస్తే ఆ శాఖను కాపాడేది ఏమిటన్నదే ప్రశ్న. ఈ సంగతి రత్నం గారికి నాకంటే బాగా తెలుసు. పామర్రులో నాకు వోచరు సరిపోల్చడం నేర్పింది ఆయనే.

కాంతమ్మ బయటికి వెళ్ళాక ఆయన గొంతు తగ్గించారు. "ఇంకా పదకొండు నెలలుంది నాకు. మా నాన్న అచ్చులద్ది అద్ది కళ్ళు మండుతుంటే, కుర్చీ ఉద్యోగమైతే కళ్ళు బాగుంటాయని నన్ను చదివించాడు. మేనేజరుగానే దిగిపోనీ. ఆ నాలుగో కాలమ్ నువ్వు పెట్టిందే కదా, నువ్వే తీసెయ్యొచ్చు. వాళ్ళు అడగనిది ఇవ్వడమెందుకు?"

ఈ మాట ఆయన నోట రాకముందే, బస్సులో వచ్చేటప్పుడే నా మనసులో ఉంది. ఆ కాలమ్ తీసేస్తే ఎవరికీ తెలియదు. నేను ఆయనకు ఇంకో దారి చెప్పాను. చూపు పోయిందని మీరే రాసివ్వండి, డాక్టరు సర్టిఫికెట్ జతచెయ్యండి, వైకల్యం వచ్చిన ఉద్యోగిని తీసెయ్యకుండా వేరే పనికి మార్చాలని చట్టం ఉంది, నేను దగ్గరుండి చూసుకుంటాను అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "రాసిచ్చిన రోజు నుంచి నేను మేనేజర్ని కాదు, గుడ్డివాణ్ణి" అన్నారు. సోమవారం దాకా ఆగుతానని చెప్పి లేచాను. ఆయన గుమ్మం దాకా వచ్చారు. గోడ పట్టుకుని రావడం అప్పుడు చూశాను.

సోమవారం దాకా ఫోన్ రాలేదు. మంగళవారం ఉదయం నేను నివేదిక రాశాను. చెకర్ అధికారాన్ని మేకరే వాడుతున్నారని మొదటి పేరాలో, అందుకు కారణం అధికారి చూపు పోవడమని రెండో పేరాలో, ఆ విషయం నవంబరు ఇన్‌స్పెక్షన్‌లో నేను గమనించలేదని మూడో పేరాలో రాసి జనరల్ మేనేజర్ గారికి ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివి, "వాళ్ళు అడగకుండా మనమే చెప్పుకోవాలా మేడమ్?" అన్నారు. చెప్పుకోవాలి సార్ అన్నాను. నా సంతకంతో ఇంకో నివేదిక రాయనని కూడా చెప్పాను.

ఇలాంటిది బయటపడినప్పుడు ఆ కాలంలో పాస్ అయిన ప్రతి ఎంట్రీనీ వోచరుతో తిరిగి సరిపోల్చాలి. ఆ పని నాకే వేశారు. తొమ్మిది రోజులు ఆ శాఖలో కూర్చున్నాను. రత్నం గారిని అప్పటికే సెలవు మీద పంపించారు. కాంతమ్మ కట్టలు తెచ్చి బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయేది. మధ్యాహ్నం ఆమె, అటెండరు లోపలి గదిలో తినేవారు. నేను బయట తినేదాన్ని. తొమ్మిదో రోజు సాయంత్రానికి ఆఖరి కట్ట అయిపోయింది. ఒక్క ఎంట్రీ కూడా తప్పు లేదు. ఎక్కడెక్కడ రత్నం గారు విని వద్దన్నారో అక్కడ వోచరు మీద పెన్సిలుతో చిన్న గుర్తులున్నాయి, కాంతమ్మ చేతితో. అన్నీ సరైన అభ్యంతరాలే. ఆ సంగతి కూడా నివేదికకు జతచేశాను. దానివల్ల ఆయన్ను తప్పించాలన్న పైవాళ్ళ నిర్ణయం మారలేదు, మారకూడదు కూడా.

సెప్టెంబరులో ఆడిటర్లు వచ్చారు. ఈ శాఖ సంగతిని సంస్థ తానే గుర్తించి సరిదిద్దుకున్న లోపంగా నమోదు చేశారు. అనుమతి వచ్చింది. దివిసీమ శాఖలు ఏవీ మూతపడలేదు. రత్నం గారికీ కాంతమ్మకీ చెరొక ఇంక్రిమెంటు ఆపారు. ఆయన్ను మేనేజర్ పదవి నుంచి తప్పించి, జీతం తగ్గించకుండా బందరులో శిక్షణ విభాగానికి మార్చారు. కొత్తగా చేరినవాళ్ళకు నోటితోనే పాఠం చెప్పేవారు. బాగా చెప్పేవారని పిల్లలు అనుకునేవారు.

నా డిప్యుటేషన్ పొడిగించారు, అందుచేత ఆ పదినెలలు ఇద్దరం ఒకే భవనంలో ఉన్నాం. భోజనాల వేళ ఫోన్ మాత్రం మోగలేదు. ఒకరోజు మెట్ల దగ్గర ఎదురుపడ్డారు. అన్నయ్య గారూ, నేను సరోజినిని అన్నాను. ఆయన ఆగారు. "గొంతు తెలుస్తుందండి మేడమ్" అన్నారు. నేను పక్కకు తప్పుకునేదాకా నిలబడి, రెయిలింగ్ పట్టుకుని దిగి వెళ్ళిపోయారు. పదవీ విరమణ సభలో అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు చెప్పారు. నా పేరు చెప్పలేదు. నేను వెనక వరుసలో ఉన్నాను. ఉన్నానని ఆయనకు తెలుసో తెలియదో నాకు తెలియదు.

నేను చేసింది సరైనదేనని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. ఆ పని మళ్ళీ చెయ్యాల్సి వస్తే ఆ కాలమ్ మళ్ళీ కలపమంటాను.

అయితే ఆ ఉదంతం నాకు నా పని గురించి ఒకటి నేర్పింది. మా బ్యాంకులో ప్రతి అధికారి ఏటా ఏప్రిల్‌లో ఒక పత్రం మీద సంతకం పెడతాడు, నా పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వలేదు అని. ఈ పని నాకు ఇక చేతకావడం లేదు, వేరే ఏర్పాటు చెయ్యండి అని రాసుకోవడానికి మాత్రం ఏ పత్రమూ ఉండేది కాదు. ఉద్యోగం వదిలే ముందు నేను ఆ పత్రంలో ఆ వరుస చేర్పించాను. అలాంటి వరుస లేనిచోట చూపున్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒకేలా సంతకం పెడతారు, తనిఖీకి వచ్చినవాళ్ళకు కాగితాలన్నీ సక్రమంగానే కనిపిస్తాయి.