మళ్ళీ ఒకటో నంబరు

చిక్కబళ్ళాపురం బస్టాండులోని పుస్తకాల అంగట్లో ఆ కన్నడ కామిక్సు మళ్ళీ వేలాడుతుంటే నా కాళ్ళు ఆగిపోయాయి. ఆ సిరీస్ ఆగిపోయి పదిహేనేళ్ళు దాటింది. అట్ట మీద అదే హీరో, కొత్త బట్టలు, మూలన ఒకటో నంబరు. కొని అక్కడే నిలబడి చదివాను. చదివేకొద్దీ ఒళ్ళు మండింది. పాత కథలేవీ జరగలేదట. పాత సిరీస్ చివర్లో హీరో చచ్చిపోయాడు. ఆ చావు కూడా లేదట. వీడెవడో ఇరవై ఏళ్ళ కుర్రాడు, ఇప్పుడిప్పుడే ఎగరడం నేర్చుకుంటున్నాడు. పోయినవాడిని బతికించామని అట్ట వెనక గొప్పలు, మరి వాడికోసం నేను అన్నం మానేసిన రోజును ఎవరు వెనక్కిస్తారు? ఉద్యోగం చేసుకునే మగవాడు బొమ్మల పుస్తకం మీద ఇంత కోపం పెంచుకోవడం నవ్వులాటే. అయినా కోపం వచ్చింది.

అసలు అభిమాని నేను కాదు, అక్క. మా ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది కన్నడ. బట్లహళ్ళిలో పట్టుపురుగులు పెంచేవాళ్ళం. పురుగులకు ఆకు వెయ్యడానికి మనిషి కావాలని అక్కను రెండో తరగతిలోనే బడి మాన్పించారు. ఆమె మల్బరీ ఆకు తరుగుతుంటే నేను కన్నడ చూసి తెలుగులో చెప్పేవాణ్ణి. అందుకే మా హీరో దొంగల్ని "యాడికప్పా పోతాండావు?" అని నిలేసేవాడు. "అంత ఎగురుతాడే, వానికి అన్నం ఎవరు పెడతారు?" అని అక్క దిగులుపడేది.

చివరి పుస్తకం వచ్చేనాటికి అక్కకు గూళూరు సంబంధం కుదిరింది. పసుపు దంచుతున్న ఇంట్లో చావు మాట అనలేక, "కొండల మీదికి పోయినాడక్కా, మళ్ళీ వస్తాడు" అని మార్చి చదివాను.

"వస్తే నాకు చెప్పు," అంది.

ఇన్నేళ్ళకు నా అబద్ధం నిజమైంది. కోపాన్ని పక్కన పెట్టి, పుస్తకం సంచిలో వేసుకుని గూళూరు బయల్దేరాను.

బావ పోయి అప్పటికి మూడేళ్ళు. బోరు మోటారు స్టార్టరు దగ్గర కరెంటు కొట్టింది. ఆ రోజు అక్క పుట్టింట్లో ఉంటే, వెంటబెట్టుకుని వెళ్ళింది నేనే. మావైపు చావు కబురు దారిలో చెప్పరు. ఇల్లు చేరిందాకా ఒంట్లో బాగలేదనే అంటారు. నేనూ అంతే చేశాను. "డాక్టరు చూస్తాండాడు, బాగయిపోతాడు" అని బట్లహళ్ళి నుంచి బాగేపల్లి దాకా బస్సులో చెబుతూనే ఉన్నాను. ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

గూళూరులో అక్క వాకిట్లో విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తోంది. "వచ్చినాడక్కా," అని పుస్తకం చూపించాను.

"వాడు చచ్చిపోయినాడు కదప్పా," అంది అక్క.

"నీకెట్ల తెలుసు?" అన్నాను.

"నీ పెట్టెలోని పాత పుస్తకాలు మా పాప తెచ్చుకునె. అక్షరాలు వచ్చినాక అన్నీ చదివి చెప్పె. అప్పటికి వాళ్ళ నాయన బాగనే ఉండె." ఒలిచిన గింజలు చేటలో వేసింది. "ఆ పొద్దు బస్సులో 'బాగయిపోతాడు' అంటివి చూడు, ఆ పుస్తకం చదివిన గొంతే అది. చింతామణి దాటకముందే నాకు తెలిసిపోయె."

"మరి ఏమీ అనలేదేమక్కా?"

"నువ్వు అంత కష్టపడి చెప్తాంటే ఏమనేది?"

సిగ్గుతో తల వంచుకున్నాను. ఆ దారి పొడుగునా ఆమె బరువు నేనే మోస్తున్నాననుకున్నాను. మొగుడు పోయిన మనిషి నా మొహం చూసి ఏడుపు దిగమింగుకుందని నాకేం తెలుసు?

"సరే, చదువు. ఉండేది ఉన్నట్టు చదువు," అంది.

చదివాను. నాలుగో పేజీలో హీరో తండ్రి మంటల్లో చిక్కుకుంటాడు. అక్కడ చదవడం ఆపేశాను.

"ఏమాయె?"

"చచ్చిపోయినాడక్కా."

అక్క చేట పక్కన పెట్టింది. "ఈ మాట ఆ పొద్దు చెప్పింటే బాగుండెనప్పా. ఇంటికి పోతే ఊరంతా ఉండె. నేను ఏడ్చుకునేదానికి ఆ బస్సులో నువ్వొకడివే ఉంటివి."