మేడమ్ గాజులు, యాదమ్మ చేతులు

మూడో విజిల్ వేశాక స్టవ్ కట్టేశాను. షేక్‌పేటలోని మా రెండు గదుల ఇంట్లో ఉడికిన యాపిల్ వాసన కర్టెన్లకి కూడా పట్టేసింది. కింది వాటా అమ్మాయి పైకొచ్చి, ఏం చేస్తున్నారాంటీ, ఇంత కమ్మటి వాసనొస్తోంది అని అడిగి వెళ్ళింది. కమ్మటి వాసనే, కాదనను. నాకు మాత్రం అది ముక్కుకి తగిలితే చాలు, ఒళ్ళు మండిపోతుంది. ఆరేళ్ళయింది, ఇంకా మండుతూనే ఉంది. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు కళ్ళు చెమర్చాయని రాయడం ఒక మర్యాద. నాకు చెమర్చవు. యాదమ్మ గురించి నేను పళ్ళు కొరుకుతూనే రాయగలను. ఆమె ఉంటే ఇలా రాస్తేనే ఒప్పుకునేది.

యాదమ్మ మీకు తెలియదు. కానీ ఆమె చేతుల్ని మీలో కొందరైనా చూసే ఉంటారు. జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాత గారింట్లో ఆవిడ వంటమనిషి. ఆ నిర్మాత గారి భార్య, మేమంతా మేడమ్ అని పిలిచేవాళ్ళం, వంటల వీడియోలు తీసి పెట్టే ఛానల్ ఒకటి నడిపేది. సినిమాలకి మాటలు రాద్దామని తణుకు దగ్గర్నుంచి వచ్చిన నేను, ఫిల్మ్‌నగర్ ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, చివరికి ఆ ఛానల్లో కుదురుకున్నాను. మేడమ్ కెమెరా ముందు చెప్పే మాటలు రాయడం, తీసింది ఎడిట్ చేయడం, రెండూ నా పనే.

మేడమ్‌కి ఉల్లిపాయ తరగడం రాదు. అది నేరమేమీ కాదు, చాలామందికి రాదు. నేరం ఆ తర్వాతది. ముఖం కనబడే షాట్లన్నీ మేడమ్‌తో తీసేవాళ్ళు. తర్వాత ఆవిడ సోఫాలో కూర్చుంటే, యాదమ్మకి మేడమ్ వేసుకున్న రంగులోనే పొడుగు చేతుల చొక్కా తొడిగి, మణికట్టు నుంచి వేళ్ళ దాకా మేకప్ పూసి, మేడమ్ గాజులు నాలుగూ, ఉంగరమూ పెట్టి, తరిగేవీ వేయించేవీ దగ్గర్నుంచి తీసేవాళ్ళు. సినిమాల్లో ఫైట్లకి డూప్ ఉంటాడు, మా దగ్గర పోపుకి డూప్. షాట్ కాగానే మేడమ్ గాజులు విప్పించి, మెత్తటి గుడ్డతో తుడిచి పెట్టెలో దాచుకునేది. సొమ్మొకడిది సోకొకడిది అంటారు కదా, అక్కడ సొమ్ము గాజులు కావు. అది నాకు ఆలస్యంగా అర్థమైంది.

నేను చేరిన మొదటి వారమే యాదమ్మ చేత తిట్లు తిన్నాను. బెండకాయ వేపుడుకి మాటలు రాస్తూ, ముక్కలు వేసి మూత పెట్టి అయిదు నిమిషాలు మగ్గించాలని రాశాను. యాదమ్మ ఆ కాగితం ఎవరితోనో చదివించుకుని, గరిటె చేత్తో పట్టుకునే నా దగ్గరికొచ్చింది.

"నువ్వు ఎన్నడన్న బెండకాయ వండినవా బిడ్డా? మూత పెడ్తె జిగురైతది. వండనిది ఎట్ల రాస్తవ్?"

నాకు తల కొట్టేసినట్టయింది. అందరి ముందూ అలా అంటుందా అని రెండు రోజులు మొహం ముడుచుకున్నాను. మూడో రోజు షూటింగ్ అయ్యాక నన్ను స్టవ్ ముందు నిలబెట్టి నా చేతే వండించింది. అప్పట్నుంచి నేను రాసేదేదైనా ముందు వండి, తర్వాత రాశాను. మాటలు రాయడం గురించి ఫిల్మ్‌నగర్‌లో పెద్దపెద్దవాళ్ళు నాకు చాలా చెప్పారు. ఒక్కటీ గుర్తు లేదు.

ఇక యాపిల్ సంగతి. ఈ ఇంటికి రాకముందు యాదమ్మ షూటింగుల దగ్గర వంట చేసేది. పెళ్ళి సీను ఉన్న రోజు పళ్ళేలనిండా యాపిల్స్ పేరుస్తారు. కెమెరాకి మెరవాలని ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు వాటికి నూనె రాస్తారు. రెండు రోజులు లైట్ల వేడికి అవి మెత్తబడిపోతే, పేకప్ అయ్యాక వాటిని పట్టించుకునే నాథుడుండడు. యాదమ్మ సంచిలో వేసుకుని యూసుఫ్‌గూడలో తన ఇంటికి తెచ్చుకునేది. వేడినీళ్ళలో రుద్ది కడిగి, చెక్కు తీసి, గింజలు తీసి, ముక్కలు కుక్కర్లో సగానికి మించకుండా వేసి, గ్లాసుడు నీళ్ళు పోసి, చిన్న మంట మీద మూడు విజిళ్ళు రానిచ్చేది. ప్రెషర్ దానంతట అది పోవాలి. తర్వాత మెత్తగా మెదిపి, బెల్లం, దాల్చినచెక్క, రెండు లవంగాలు వేసి, మూత లేకుండా గంటసేపు కలుపుతూ దగ్గరకి తెచ్చేది. పళ్ళెం మీద చుక్క వేస్తే చుట్టూ నీరు ఊరకూడదు, అప్పుడు దింపేది. వాళ్ళ గల్లీ పిల్లలంతా దాన్ని చపాతీకి రాసుకుని తినేవాళ్ళు.

ఒకరోజు ఆమె టిఫిన్ డబ్బాలోంచి మేడమ్ ఒక చెంచా తీసుకుని రుచి చూసి, ఇది యాపిల్ బటర్ కదా, అమెరికాలో తిన్నాను, వచ్చే వారం ఇదే చేద్దాం అంది. యాదమ్మ నావైపు తిరిగి, వెన్నే లేని దానికి వెన్న పేరేంది అని నవ్వింది. ఆ సాయంత్రం గిన్నెలు తుడుస్తూ ఒక మాట అడిగింది. అన్నేళ్ళలో ఆమె ఎవరినైనా ఏదైనా అడగడం అదొక్కసారే అనుకుంటాను.

"గీ ఒక్కదానికి నా పేరెయ్యి బిడ్డా. చేసింది యాదమ్మ అని. ఇంకేమద్దు."

వాళ్ళాయన ముప్పై ఏళ్ళు లైట్‌మ్యాన్‌గా పనిచేసి పోయాడు. పనిచేసిన ప్రతి సినిమాకీ ఇద్దరూ వెళ్ళి, అందరూ లేచిపోయినా, చీపురు పట్టుకున్న మనిషి వచ్చేదాకా కూర్చుని చివరి పేర్లు చూసేవాళ్ళట. ఆయనకి చదవడం వచ్చు, ఈమెకి తన పేరు ఒక్కటే వచ్చు. ఆయన పేరు ఎన్నడూ రాలేదు. ఇదంతా చెప్పి, నా పేరైతే నేను గుర్తుపడ్త అంది. వేస్తానని ఆమె చేతిలో చెయ్యేసి చెప్పాను.

షూటింగ్ రోజున అన్నీ బాగానే జరిగాయి. చెక్కు తీయడం, కోయడం, కుక్కర్లో వేయడం, అన్నిటికీ గాజుల చేతులే. ఆఖరి షాట్ మూత తీయగానే గుప్పున ఆవిరి లేవడం. ఆవిరి బాగా కనబడాలంటే ఇంకా వేడి మీద ఉండగానే తీయాలన్నాడు కెమెరామన్. కిటికీ అద్దంలోంచి పడే ఎండ అప్పటికే గోడెక్కుతోంది. ప్రెషర్ ఇంకా పోలేదు, జర ఆగండి అని యాదమ్మ రెండుసార్లు చెప్పింది. మేడమ్ ఆమెతో మాట్లాడలేదు. నాతో, "నీ మాట వింటుంది, చెప్పు. లైట్ పోతోంది," అంది.

నేను చెప్పాను. నేనే గరిటెతో విజిల్ పైకి ఎత్తితే బుస్సుమని, అంతలోనే శబ్దం ఆగిపోయింది. ఆ గుజ్జు గొట్టానికి అడ్డుపడి ఆగిందని నాకు తెలియదు. వండనిది రాయకూడదని నేర్చుకున్న మనిషిని, తెలియనిది చెప్పకూడదని మాత్రం నేర్చుకోలేదు.

"ఆవిరి ఆగిపోయింది కదా యాదమ్మా. తీసెయ్యండి, ఒక్క షాటే," అన్నాను.

ఆమె నావైపు ఒకసారి చూసింది. మొహం పక్కకి తిప్పుకుని మూత తిప్పింది. సలసల కాగే గుజ్జు ఆమె కుడిచెయ్యి మీదికి మోచేతి దాకా చిమ్మింది. ఆమె అరవలేదు, అరిచింది నేను. మేడమ్ పరుగున వచ్చి, గాజులు తీయండి, గాజులు తీయండి అంది. కాలిన చేతికి గాజులు తీసెయ్యాల్సిందే, వాస్తుందని తర్వాత డాక్టరూ అన్నాడు. అందుకని ఆ మాట గురించి నేనేమీ అనను. కానీ ఆవిడ ఆ గాజులకి అంటిన గుజ్జు తుడిచి, పెట్టెలో పెట్టి, పెట్టె మూసి, అప్పుడు తలెత్తి, ఎవరైనా ఈమెని తీసుకెళ్ళండి అంది. కారు పిల్లల్ని స్కూలు నుంచి తేవడానికి వెళ్ళిందట. ఆటోలో నేను తీసుకెళ్ళాను. దారి పొడుగునా యాదమ్మ చెయ్యి పైకెత్తి పట్టుకుని ఒక్కటే మాట అంది.

"నువ్వు చెప్పినవని తీసిన."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టని సామెత. కాలింది ఆమె చెయ్యి, ఆకులు పట్టుకున్నది నేను.

అంత జరిగాక కూడా వీడియో ఆగలేదు. మూత తీసే షాట్ ఒక్కటి వేరొకామె చేతులతో మళ్ళీ తీశారు. మిగతావన్నీ యాదమ్మ చేతులే. మొదట్లో ఇది మా అమ్మమ్మ నేర్పిన వంట అని మేడమ్ చెప్పాలట, ఆ మాట రాయమంటే రాశాను. చివర్లో మాత్రం, చేసింది యాదమ్మ అని పెద్ద అక్షరాలతో వేశాను. మేడమ్ చూసి, బాగానే ఉంది కానీ, ఇంట్లో పనివాళ్ళ పేర్లు ఒకసారి వేస్తే ప్రతిసారీ అడుగుతారమ్మా, తీసెయ్ అంది. గొంతు పెంచలేదు. కాఫీ తాగుతూ చెప్పింది. నేను నోట్లో నాలుక లేనట్టు సరే మేడమ్ అన్నాను. ఆ అక్షరాల మీద వేలు పెట్టి తీసేయడానికి ఎంతసేపు పట్టిందని? కుక్కర్ విజిల్ వేసినంతసేపు కూడా పట్టలేదు.

నాలుగు రోజుల తర్వాత యూసుఫ్‌గూడ వెళ్ళాను. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని కూర్చుంది. ఫోన్లో చూపించమంది. మొదటి నుంచి చివరి దాకా రెప్పవేయకుండా చూసింది. నా చేతులు మంచిగున్నయి అంది. అయిపోయాక కూడా తెర వైపే చూస్తూ కూర్చుంది, థియేటర్లో కూర్చున్నట్టే. చీపురు మనిషి రావాల్సిన వేళకి తలెత్తి, పేరు ఏడ ఉంది అంది. నేను గబగబా మేడమ్ మీద చెప్పడం మొదలుపెట్టాను. ఎంత దుర్మార్గురాలో, ఏమందో, ఎలా అందో. ఆమె నన్ను పూర్తి చేయనివ్వలేదు.

"మేడమ్ సంగతి నాకెర్కనే. నువ్వెందుకు తీసినవ్?"

ఏడుపు వచ్చింది. దానికి ఆమె కరిగిపోయి నన్ను దగ్గరికి తీసుకుంటుందని ఎక్కడో ఆశ కూడా ఉంది. చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది, కానీ ఉంది.

"ఏడ్వకు. నీ ఏడుపు నాకేం పనికొస్తది? అప్పుడు రావాల్సింది కోపం. అది రాలే నీకు."

మర్నాడు ఆ పని మానేశాను. గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు, ఆలస్యంగా మానేశాను. యాదమ్మ కుడిచేతి వేళ్ళు మళ్ళీ పూర్తిగా ముడుచుకోలేదు. ఆ ఇంట్లోంచి ఆమెకి మళ్ళీ పిలుపు రాలేదు. ఆదివారాలు నేను యాపిల్స్ తీసుకుని వెళ్ళేదాన్ని. ఆమె మంచం మీద కూర్చుని చెబితే నేను చేసేదాన్ని. మూత తీయనా అని అడిగితే, నన్నడుగుడేంది, కుక్కర్‌ను అడుగు అనేది. క్షమించానని ఎన్నడూ అనలేదు. నేనూ అడగలేదు. పోయిన చలికాలంలో జ్వరమొచ్చి, వారం రోజులకి పోయింది.

తర్వాత నేను ఎక్కడ పనిచేసినా వంట చేసినవాళ్ళ పేరు మొదటే వేస్తానని ముందుగా చెబుతాను. దానివల్ల రెండు చోట్ల వద్దన్నారు. ఒకచోట పొగరన్నారు. పొగరే. నాకు ఆలస్యంగా వచ్చింది కాబట్టి ఎక్కువే ఉంటుంది.

ఆ వీడియో ఇంకా ఉంది. లక్షలమంది చూశారు. ఆ చేతులు గాజులు గలగలమంటూ ఇంకా యాపిల్స్ చెక్కుతూనే ఉన్నాయి. బొటనవేలి గోరు పక్కన పాత కత్తిగాటు ఉంటుంది, మేకప్‌కి కూడా దాగలేదు. కింద జనం, మీ చేతులెంత బాగున్నాయి మేడమ్ అని రాస్తారు. మేడమ్ వాళ్ళకి దణ్ణం బొమ్మలు పెడుతుంది.

కుక్కర్ చల్లారేదాకా చేసే పనేమీ ఉండదు. అప్పుడు ఫోన్ తీస్తాను. ఇవాళ కూడా తీసి ఆ వీడియో కింద రాశాను: ఆ చేతులు యూసుఫ్‌గూడ యాదమ్మవి. వంట కూడా ఆమెదే. ఇక్కడ ఆమె పేరుండేది, తీసింది నేను. కింద నా పేరు పెట్టాను.

విజిల్ ఎత్తి చూస్తే చప్పుడు లేదు. ఇప్పుడు నాకు చప్పుడు ఒక్కటీ చాలదు. మరో పావుగంట ఆగి, మూత దానంతట అది వదులయ్యాక తీశాను. ఫోన్ చూస్తే నేను రాసింది అప్పటికే తీసేశారు. గుజ్జు మెదిపి, బెల్లం వేసి, స్టవ్ వెలిగించి చిన్న మంట మీద పెట్టి, చెయ్యి కడుక్కుని మళ్ళీ రాశాను.