ఒకటో నంబరు అభ్యంతరం

చింతదొడ్డి ఉరుకుందప్పకు అభ్యంతరం లేని విషయం ఈ లోకంలో ఒక్కటీ లేదు. అది మనసులో పెట్టుకుని ఊరుకునే అభ్యంతరం కూడా కాదు. తెల్ల కాగితం మీద నీలం సిరాతో "అయ్యా" అని మొదలై "చిత్తగించవలెను" అని ముగిసేది. దాన్ని పంచాయతీ ఆఫీసులో ఇచ్చి, గుండ్రటి ముద్ర వేయించుకుని, రశీదు పట్టుకెళ్లి మగ్గం పక్కన వేలాడే ఇనుప తీగకు గుచ్చుకునేవాడు. ఆయన పోయి మూడు నెలలైంది. తీగ ఇంకా అక్కడే ఉంది, రశీదుల బరువుకు కాస్త వంగి.

ఆ రశీదుల్లో సగానికి పైగా పవిత్ర రాసినవే. ఆఫీసుకు వచ్చే కాగితాలు తీసుకుని రశీదు ఇవ్వడం ఆమె పని. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు, ఇంకా సంచి కూడా కింద పెట్టకముందే, భుజాన తువ్వాలుతో ఒక సన్నటి ముసలాయన కిటికీ ముందు నిలబడ్డాడు.

"కుర్చీ ఆడ వేసుకున్నావే, మధ్యాన్నం ఎండంతా నీ నెత్తి మీదే పడ్తాది. నా అభ్యంతరం ఉండాది, రాసుకో పాపా."

"నా కుర్చీకి నీ అభ్యంతరమేంది తాతా?"

"అదంతా కాగితంలో ఉండాది. రశీదు ఇయ్యి."

రశీదు ఇచ్చేదాకా కదల్లేదు. మూడో రోజుకు నెత్తి మాడిపోయి పవిత్ర కుర్చీ జరుపుకుంది. అది ఆయన మాట విని మాత్రం కాదని తనకు తాను గట్టిగా చెప్పుకుంది.

తర్వాత తెలిసింది, తనకు జరిగింది చాలా తక్కువని. రేషను దుకాణానికి మూడు మెట్లుంటే ఒకటి ఎక్కువైందని ఆరు అర్జీలు పెట్టాడట. నీకేం నొప్పి, జింక మాదిరి ఎక్కుతావు కదా అని డీలరు మొత్తుకున్నా వినలేదట. చివరికి ఆ పీడ వదిలించుకోవడానికే డీలరు గునపం తెచ్చి మెట్టు పగలగొట్టాడు. ఆయన భార్య గురమ్మనడిగితే ఇంకా పాత కథ చెప్పేది. "నా మెడలో తాళి కట్టేటప్పుడు గూడా లేచి, వంటోళ్లు ఇంకా తిన్లేదు, నా అభ్యంతరం ఉండాది అన్న మనిషి. తాళి చేతిలోనే పెట్టుకుని నిలబడినాడు. వాళ్లు తిని చేయి కడుక్కునేదాకా నేను తల వంచుకునే కూర్చుంటి."

ఊరు నవ్వుకునేది. పవిత్ర కూడా నవ్వుకునేది. హాస్టల్ గొడవ వచ్చేదాకా.

ఓర్వకల్లు దిక్కున రాతి గుట్టల పక్కన యూనివర్సిటీ పెరుగుతోంది. మగ్గాల వీధి వెనక బీడులో మూడు వందల మంది ఆడపిల్లలకు హాస్టల్ లేచింది. గోడలు లేచాక ఊరు అడ్డం పడింది. గలాటా అవుతుందని, మోటారు సైకిళ్ల దుమ్ము నూలు మీద పడుతుందని, నీళ్లు చాలవని అందరికీ ఒక్కసారే దిగులు పట్టుకుంది. ఆ దిగులుకు పెద్ద కాశన్న. ఆయన తన రేకుల షెడ్డులో గదికి ఎనిమిది మంది పిల్లల్ని అద్దెకు పెట్టాడు కాబట్టి ఆయన దిగులు అందరికంటే లోతైనది. పని ఆగిపోయింది.

పవిత్ర దిగులు వేరు. ఆమె చెల్లెలు లక్ష్మీదుర్గ ఆ యూనివర్సిటీలోనే చదువుతోంది. ఇంటి నుంచి ఇద్దరికీ రెండు బస్సులు. ల్యాబు ఆరున్నరకు అయ్యేది, ఆఖరి బస్సు ఆరింటికే పోయేది. ఆఫీసయ్యాక పవిత్ర చెల్లెలి కోసం ఆగేది. అక్కాచెల్లెళ్లిద్దరూ హైవే పక్కన చీకట్లో ఏ ఆటో దొరుకుతుందా అని నిలబడేవాళ్లు. లారీ పోయిన ప్రతిసారీ పవిత్ర చెల్లెలి చేయి పట్టుకునేది. జూన్‌కు హాస్టల్ తెరవకపోతే చదువు చాలించమని నాన్న చెప్పేశాడు.

ఇలా ఊళ్లకు ఊళ్లు అడ్డం పడుతున్నాయని అసెంబ్లీలో చట్టం మార్చారు. చదువుకునేవాళ్ల ఇళ్లకు గలాటా, రద్దీ, దుమ్ము అనే సాకులు ఇక చెల్లవు. దారి, నీళ్లు, నిప్పు, ఈ మూడింటి మీదే అభ్యంతరం చెప్పాలి. ముప్పై రోజుల గడువు, ఒక్కసారే విచారణ. చెల్లే అభ్యంతరం ఒక్కటి అక్కడ తీరకుండా మిగిలినా ప్లాను మొదటికి వస్తుంది.

హాస్టల్ మీద అభ్యంతరాలుంటే చెప్పమని నోటీసు అంటించిన పొద్దున పవిత్ర ఆఫీసు తాళం తీయడానికి వచ్చేసరికి ఉరుకుందప్ప మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఒకటో నంబరు తనదే కావాలన్నాడు. ఈసారి కాగితం కవరులో ఉంది. మీద "విచారణ అధికారి మాత్రమే తెరవవలెను" అని, ఒక మూలన "విషయం: దారి" అని రాసి ఉంది. నూలుకు పట్టించే గంజితో అంటించాడేమో, కవరు రేకులా బిగుసుకుంది.

ఆ తర్వాత నెలలో మరో రెండు వందల పన్నెండు వచ్చాయి. అన్నీ గలాటా, రద్దీ, దుమ్మే. కాశన్న ఒకటి రాసి జిరాక్సులు తీయించాడు. అవన్నీ కొట్టివేతకే పోతాయని పవిత్రకు తెలుసు. మిగిలేది ఒకటో నంబరు. ముప్పై రోజులూ ఆ కవరు పవిత్ర బీరువాలోనే ఉంది. రెండుసార్లు దీపం ముందు పట్టి చూసింది. ఏమీ కనపడలేదు.

చివరికి విచారణ ముందు రోజు తెల్లవారకముందే మగ్గాల వీధికి వెళ్లింది. వీధి పొడవునా పడుగు చాపి కట్టారు. నడుమెత్తున నిలబడిన వందల నూలు పోగులకు గంజి పట్టించి, ఉరుకుందప్ప కుంచెతో దువ్వుతున్నాడు. ఎండ ముదిరేలోగా అది చుట్టేయాలి.

"తాతా, ఆ ఒక్కటి వాపసు తీసుకో. నా చెల్లెలి చదువు దాని మీదనే ఉండాది."

ఆయన తలెత్తలేదు. తెగిన పోగు ఒకటి పట్టుకుని ముడివేస్తున్నాడు. "తెగిన పోగు అట్లనే ఇడిచి పడుగు చుట్టుకుంటారా ఎవరన్నా?"

"లోపల ఏం రాసినావో అన్నా చెప్పు."

"నోటితో చెప్పేదైతే కాగితమెందుకు పాపా? అవతలికి పోవాలంటే కింద దూరి పో. దాటొద్దు."

పడుగును దాటడం ఆ వీధిలో మహా తప్పు. పవిత్ర వంగి అవతలికి పోయింది.

విచారణ బడి వరండాలో. అధికారి శివకుమార్ కొత్త చట్టం చదివి, రెండు వందల పన్నెండూ చెల్లవని కట్ట కట్టి పక్కన పెట్టాడు. కాశన్న జంకలేదు.

"మా ఉరుకుందప్ప మామది ఒకటుండాది సార్. అది చెల్లుతాది. శానా అర్జీలు పెట్టినోడు రాసిండేది."

అధికారి కవరు చించబోయాడు. చిరగలేదు. తాళంచెవితో గీరాడు, స్కేలుతో పొడిచాడు. గంజి కదల్లేదు. పవిత్ర అప్పటికి కుడిచేతి గోళ్లన్నీ కొరికేసి ఎడమ చేతికి వచ్చింది. ఉరుకుందప్ప లేచి, నూలు కత్తిరించే చిన్న కత్తెర మొలలోంచి తీసి ఇచ్చాడు.

అధికారి గట్టిగా చదివాడు.

"అయ్యా, హాస్టలు గేటు హైవే దిక్కు పెట్టినారు. ఇందుకు నా అభ్యంతరం. అక్కడ లారీలు తప్ప మనిషి లేడు, దీపం లేదు. ఆడపిల్లలు చీకట్లో ఒకరి చేయి ఒకరు పట్టుకుని నిలబడేది ఏడాదిగా చూస్తున్నాను. గేటు మా మగ్గాల వీధి దిక్కు పెట్టవలెను. మా వీధిలో కోడికంటే ముందు లేస్తాము, రాత్రి తొమ్మిదిదాకా మగ్గమాడుతుంది. గేటుకు అడ్డమొచ్చేది నేను పడుగు చాపే జాగా. అది నేను ఇడిచిపెడుతున్నాను. చిత్తగించవలెను."

ముందుగా కాశన్నే తేరుకున్నాడు.

"మామా, మరి నీ పడుగు యాడ చాపుతావు?"

"నీ వాకిలి ముందర చాపుతా. ఏడు గంటలకంతా చుట్టేస్తాం కదప్పా. అంతలోపల పోయే పిల్లోళ్లు కింద దూరి పోతారు. దాటితే మాత్రం నా అభ్యంతరం ఉండాది. అది గూడా రాసుకోండి సార్."

రాసుకున్నారు. గేటు మార్చి హాస్టల్ తెరవమని అధికారి అక్కడే సంతకం పెట్టాడు. పవిత్ర కుర్చీ కూడా లాక్కోకుండా నిలబడే గబగబా రశీదు రాసింది. అక్షరాలు వంకర పోయాయని ఉరుకుందప్ప అభ్యంతరం చెప్పాడు.

జూన్ నుంచి పొద్దునపూట మగ్గాల వీధి చూడముచ్చటగా ఉండేది. పుస్తకాల సంచులతో పిల్లలు వరసగా వంగేవారు. ఉరుకుందప్ప పడుగును కర్రతో ఎత్తి పట్టి సంచులకు, జడలకు, టిఫిను తినకుండా పోతున్నందుకు వేర్వేరుగా అభ్యంతరాలు చెప్పేవాడు. లక్ష్మీదుర్గ ఆయన్ను దూరం నుంచి చూడగానే సంచిలోంచి అరటిపండు తీసి నోట్లో పెట్టుకునేది.

ఆయన పోయాక, గేటుకు ఆయన పేరు పెట్టాలని పిల్లలు అర్జీ ఇచ్చారు. పద్ధతి ప్రకారం అభ్యంతరాలకు ఏడు రోజుల గడువు. ఒక్కటీ రాలేదు. కాశన్న కూడా రాలేదు. ఏడో రోజు సాయంత్రం ఐదుకు ఐదు నిమిషాలుండగా పవిత్ర కిటికీ వంకే చూస్తూ కూర్చుంది. ఆయన పేరు మీద ఒక్క అభ్యంతరమైనా లేకుండా ఫైలు మూయడానికి చేయి రాలేదు.

తెల్ల కాగితం తీసింది. నీలం సిరా పెన్ను తీసింది. "అయ్యా, గేటు మీద పేరు బోర్డు మరీ ఎత్తున పెడుతున్నారు. ముసలివాళ్లకు మెడ లేవదు. రెండు మూరలు దించవలెను. చిత్తగించవలెను." కింద ఆయన పేరే రాసి, ముద్ర వేసి, ఒకటో నంబరు ఇచ్చి, రశీదు చించుకుని మగ్గాల వీధికి నడిచింది.

తీగకు గుచ్చబోతూ పాత రశీదులు తిరగేసింది. రేషను మెట్టు రశీదు వెనక చిన్న అక్షరాలతో "నాగక్క మోకాళ్లు" అని ఉంది. అన్నిటికంటే కింద పవిత్ర రాసిన మొదటి రశీదు. దాని వెనక "కొత్త పాప, ఎండ" అని ఉంది.

గురమ్మ వచ్చి కొత్త రశీదు చేతిలోకి తీసుకుని, తారీకు చూసి, నుదురు కొట్టుకుంది.

"పోయినంక గూడా మానుకోలేదా ఆయప్ప?"

"యాడ మానుకుంటాడవ్వా," అంది పవిత్ర, రశీదు తీగకు గుచ్చుతూ.